లవ్ బీచ్ గారూ, కాస్త బొత్తాలు పెట్టుకోండి

మహారాజశ్రీ లవ్ బీచ్ గారికి,

నమస్కరించి రాయునది ఏమనగా, తమరు అక్కడ క్షేమమని తలుస్తాను. ఇక్కడ నేను క్షేమంగా లేను. నిన్న ఆదివారం మధ్యాహ్నమంతా, 1978 నాటి రాక్ ఆల్బమ్ అయిన తమరి పాలబడింది.

"కవర్ కాస్త మాసింది సార్" అని పాత రికార్డుల షాపాయన అంటే ఆశపడ్డాను. ఎక్కడండీ మాసింది? ముగ్గురి నవ్వులూ తళతళలాడుతున్నాయి. మా మేనత్త దాన్ని చేతిలోకి తీసుకుని, కళ్లజోడు సవరించుకుని, "ఎవర్రా వీళ్లు, షికారుకెళ్లిన తోడల్లుళ్లా?" అంది.

ఏం చెప్పమంటారు? వీళ్లు ఎమర్సన్, లేక్, పామర్ అనే ఇంగ్లిష్ రాక్ బ్యాండు అనీ, 1970లో ఇంగ్లండ్‌లోని ఐల్ ఆఫ్ వైట్ సంగీతోత్సవంలో స్టేజీ మీద ఫిరంగులు పేల్చారనీ చెప్పనా? ఇందులో ఒకాయన హామండ్ ఆర్గన్ అనే కీబోర్డు వాయిద్యంలో కత్తులు దిగేసి మరీ వాయించేవాడంటే, ఆ తెరుచుకున్న చొక్కాలు చూశాక ఆవిడ నమ్ముతుందా?

1973లో ఇదే బ్యాండు బ్రెయిన్ సాలడ్ సర్జరీ ఆల్బమ్‌కి గైగర్ అనే చిత్రకారుడి చేత పుర్రె బొమ్మ వేయించింది. చూస్తేనే భయం, వింటే ఇంకా భయం. సరిగ్గా ఐదేళ్లకి పుర్రె పోయి కొబ్బరిచెట్లొచ్చాయి, ఛాతీలొచ్చాయి. డిస్కో బ్యాండు ఫొటో పొరపాటున తమరికి అంటించారేమోనని వెనక్కి తిప్పి చూశాను కూడా. పొరపాటేం కాదు.

తమరి పేరు సంగతి సరే, తమరిని రికార్డు చేసిన బహమాస్ రాజధాని నసావులో ఆ పేరుతో నిజంగానే బీచ్ ఉంది. తమరికి పెట్టిన ఆ పేరు ఎమర్సన్‌కే నచ్చలేదు. మొదటి వైపు పాటల సంగతి, ముఖ్యంగా టేస్ట్ ఆఫ్ మై లవ్ సంగతి, ఇంట్లో పెద్దవాళ్లున్నారు కాబట్టి ఎత్తను. కింగ్ క్రిమ్సన్ అనే మరో రాక్ బ్యాండు తొలి ఆల్బమ్‌కి పాటలు రాసిన పీట్ సిన్‌ఫీల్డే ఇవీ రాశాడంటే, బహమాస్ ఎండ దెబ్బ అనుకుని సరిపెట్టుకున్నాను.

కవర్‌కి మాత్రం సరిపెట్టుకోలేకపోతున్నాను. అట్లాంటిక్ రికార్డు కంపెనీకి ఒక ఆల్బమ్ బాకీ ఉన్నారు, ఒకరి మొహం ఒకరు చూడలేని స్థితిలో ఉన్నారు, అయినా తప్పదు కాబట్టి చేశారు. అర్థమైంది. లేక్, పామర్ తమ వంతు కానిచ్చేసి దీవి దాటేశారు, మిగతా పనంతా ఎమర్సన్ ఒక్కడి నెత్తిన పడింది. అదీ అర్థమైంది. మరి ఆ ఇకఇకలేమిటయ్యా? విడాకుల కాగితం మీద పెళ్లి ఫొటో అంటిస్తారా ఎవరైనా? ఏడుపు మొహంతో నిలబడి ఉంటే కనీసం జాలిపడేవాళ్లం కదా! 1979లో విడిపోయారు. ఈ ముగ్గురూ కలిసి మళ్లీ స్టూడియో ఆల్బమ్ ఇచ్చింది 1992లో. అంటే పద్నాలుగేళ్లపాటు వాళ్ల ఆఖరి మాటవి నువ్వే. టార్కస్ లాంటి ఆల్బమ్ చేసినవాళ్ల ఆఖరి మాట, సముద్రపుటొడ్డున బొత్తాల్లేని చొక్కా! సిగ్గులేదూ?

పూర్తిగా పనికిమాలినదానివైతే ఈపాటికి ఎవరికో ఒకరికి అంటగట్టేవాణ్ని. అలా కాదే! మొదటి వైపు చివర్లో కనారియో వస్తుంది. స్పెయిన్ స్వరకర్త రోద్రిగో గిటార్‌కి రాసిన ముక్కని కీబోర్డు మీద ఉరకలెత్తిస్తాడు ఎమర్సన్, పామర్ డ్రమ్స్‌తో వెంటపడి తరుముతాడు. అప్పటిదాకా పేపర్ చదువుకుంటున్న మేనత్త కూడా తలెత్తి చూసింది. ఇక రెండో వైపంతా యుద్ధానికెళ్లిన ఆఫీసరు కథ, ఇరవై నిమిషాలు. మధ్యలో షోపాన్ ఎట్యూడ్ (సాధన కోసం రాసిన ముక్క) పియానో మీద మొదలవగానే, లేచి సౌండ్ పెంచాను. అంత కోపంలోనూ పెంచాను. ఇది వాయించగలిగినవాళ్లు ఆ ఫొటోకి ఎలా ఒప్పుకున్నారన్నదే నా బాధ.

అందుకని స్కూలు పుస్తకాలకి వేసినట్టు నీకు బ్రౌన్ అట్ట వేసేశాను. లేబుల్ అంటించి, "మొదటి వైపు చివరిది, రెండో వైపు మొత్తం" అని రాశాను. కొసరుగా టేపు కూడా గట్టిగా వేశాను, విప్పడానికి మేనత్తకి గోళ్లు చాలవు.

ఇట్లు,
తమరి కొనుగోలుదారు