మల్టీ స్కిల్ అంటే ఎవరి పనైనా చేయడమా?

సార్వా వరి పైరు పొట్ట మీదున్నప్పుడు, మొదళ్లలో చేరి రసం పీల్చే సుడిదోమ ఉందో లేదో చూడాలంటే చేలోకి దిగాలి. గట్టు మీద నిలబడితే కనపడదు. దుబ్బును కాస్త వంచి మొదట్లో రెండుసార్లు తట్టాలి. నీళ్ల మీద పడిన పురుగుల్ని లెక్కపెట్టాలి. రెండో మూడో ఉంటే మందు డబ్బు దండగ. పదీ పదిహేను దాటితే మాత్రం ఆగకూడదు. నీళ్లు తీసి చేను ఆరబెట్టాలి, మందు ఆకుల మీద కాదు, దుబ్బు మొదళ్లు తడిసేలా కొట్టాలి. ఇదంతా చదువుకుని, పరీక్ష రాసి, ఉద్యోగం తెచ్చుకున్న మనిషి గ్రామ వ్యవసాయ సహాయకురాలు. ఆ రోజుల్లో ఆమె ఎక్కడుందో ఊళ్లో అడగండి. ఏదో ఇంటి గుమ్మం ముందు, చేతిలో ఫోనుతో, ఓటీపీ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

అదేమిటని అడిగితే, అధికారులు మల్టీ స్కిల్ అంటారు. నాలుగు పనులూ తెలిసిన మనిషి కాబట్టి నాలుగు పనులూ చేయాలట. ఆ మాట మీదే మా అభ్యంతరం.

2019 అక్టోబరు 2న కాకినాడ పక్కన కరపలో ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయ వ్యవస్థ మొదలైనప్పుడు వ్యవసాయానికి, ఉద్యానానికి, పశువులకు, చేపలకు వేర్వేరు చదువులవాళ్లను ఏరి తీసుకున్నారు. మరుసటి ఏడాది మే నెలలో రైతు భరోసా కేంద్రాలు వచ్చాయి. ఇప్పుడవి రైతు సేవా కేంద్రాలు. బోర్డు మారింది, లోపల కుర్చీ ఖాళీగానే ఉంది. 2025లో హేతుబద్ధీకరణ పేరుతో జనాభాను బట్టి సచివాలయానికి ఆరుగురు, ఏడుగురు, ఎనిమిదిమంది చొప్పున తేల్చారు. మనుషులు తగ్గారు, యాప్‌లు తగ్గలేదు. ఏ పొలంలో ఏ పంట ఉందో యాప్‌లో ఎక్కించే ఈ-పంట నమోదు వ్యవసాయ సహాయకుల పనే, కాదనడం లేదు. ఒకటో తారీఖు పింఛన్లు, ఇంటింటి సర్వేలు, ఓటర్ల జాబితాలు, ఫొటోలు తీసి అప్‌లోడ్ చేయడాలు ఏ వ్యవసాయ కళాశాలలో నేర్పిన విద్య?

ఊళ్లో అందుబాటులో ఉండే ఉద్యోగులు వాళ్లే, వాళ్లు కాకపోతే ఎవరు చేస్తారన్నది అధికారుల వాదన. గోదావరికి వరద వచ్చినప్పుడు, ఎన్నికలప్పుడు అది నిజం. ప్రతి మంగళవారం నిజం కాదు.

నాలుగు పనులు తెలిసిన మనిషి విలువ గోదావరి డెల్టాకు ఒకరు చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట కింద సుమారు పది లక్షల ఎకరాలకు నీరందుతున్నదంటే అందులో కాలువల మీద పనిచేసే లస్కర్ల పాత్ర ఎంతో ఉంది. షట్టర్ ఎత్తేదీ లస్కరే, గుర్రపుడెక్క తీయించేదీ ఆయనే, శివారు రైతుకూ ఎగువ రైతుకూ వచ్చిన తగాదా తీర్చేదీ ఆయనే, వరద రాత్రి గట్టు వెంట తిరిగి గండి పడకుండా చూసేదీ ఆయనే. అన్నీ కాలువ పనులే. ఒకటి చేస్తుంటే ఇంకోటి ఇంకా బాగా తెలిసేది. వ్యవసాయ సహాయకురాలికీ అలాంటి విద్యలే ఉన్నాయి: విత్తనం, నేల, తెగులు, నీరు, ధాన్యంలో తేమ. అవన్నీ వాడుకుంటే అది మల్టీ స్కిల్. అవన్నీ మూలన పడేసి వేలిముద్రల మిషన్ చేతికిస్తే దానికి ఆ పేరు పెట్టకండి.

ఆమె చేలో లేకపోతే రైతు ఆగడు కదా. మందుల షాపుకి వెళ్తాడు. అక్కడ రెండు మూడు డబ్బాలు కలిపి ఇస్తారు. అందులో సింథటిక్ పైరిత్రాయిడ్ రకం పురుగుమందు ఉంటే, దోమను తినే సాలీళ్లూ మిరిడ్ నల్లులూ ముందు చస్తాయి, తర్వాత దోమ రెట్టింపై తిరిగొస్తుంది. అటు కోనసీమ కొబ్బరిలోనూ ఇదే కథ. రుగోస్ తెల్లదోమ పట్టి ఆకులు మసిబారితే ఎడాపెడా విషపు మందులు కొట్టొద్దని, మిత్రపురుగులనూ, తెల్లదోమను చంపే ఐసేరియా ఫంగస్‌నూ వాడమని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. 1925లో మొదలైన మార్టేరు వరి పరిశోధన స్థానం స్వర్ణ లాంటి వరి వంగడాన్ని దేశానికిచ్చింది. వాళ్ల మాట రైతు దాకా రావాలంటే మధ్యలో ఉన్న మెట్టు ఈ సహాయకులే. ఆ మెట్టును తీసుకెళ్లి ఇంటింటి సర్వేకి వేశారు.

బడి పంతుళ్ల విషయంలో ఈ జబ్బు ముదిరాకే 2009 విద్యాహక్కు చట్టంలో 27వ సెక్షన్ పెట్టాల్సి వచ్చింది. పదేళ్లకోసారి జరిగే జనగణన, విపత్తులు, ఎన్నికలు తప్ప వేరే పనికి టీచర్లను వాడకూడదని అందులో ఉంది. వ్యవసాయ సహాయకులకు ఆ కంచె కూడా లేదు. నాట్లు పడినప్పటి నుంచి కోతల దాకా, సార్వాకైనా దాళ్వాకైనా, వారానికి కనీసం నాలుగు రోజులు వాళ్లను పొలం దాటించకూడదని జీవో ఇవ్వడానికి ఖజానాలోంచి రూపాయి తీయక్కర్లేదు.

ఇదే ప్రభుత్వం అధికారంలోకి వస్తూనే, 2024 జూన్ 13న, నైపుణ్య గణన ఫైలు మీద సంతకం పెట్టింది. ఎవరికి ఏ విద్య వచ్చో ఇంటింటికీ వెళ్లి లెక్క తీస్తారట. మంచిదే. తన దగ్గరే జీతం తీసుకుంటున్నవాళ్లకు ఏ విద్య వచ్చో ప్రభుత్వానికి తెలియదా? తెలిసే తీసుకుంది, తెలిసే పక్కన పెట్టింది. బయటివాళ్ల నైపుణ్యం మీద ఇంత ప్రేమ ఒలకబోసే ముందు సొంత ఇంట్లో ఏం చేస్తున్నారో చూసుకోవద్దా?

సాయంత్రం టెలికాన్ఫరెన్స్‌లో ‘ఎంత శాతం అయింది’ అని గద్దించే అధికారులకు ఒక మాట. రేపు సర్వే సంగతి కాసేపు పక్కన పెట్టి, మీ మండలంలో ఏ ఊరి చేలో దోమ ఉందో అడగండి. అవతలి నుంచి జవాబు రాకపోతే మెమో ఎవరికివ్వాలో మీరే తేల్చుకోండి.