తలసరి సగటు వారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ తలసరి సగటు వారికి, తమ లెక్కలోని 800 కోట్ల తలల్లో ఒక తల వంచి నమస్కరించి విన్నవించుకొనునది.

తమ సమదృష్టి ముందు మహర్షులు కూడా దిగదుడుపే. మానవజాతి ఏటా భూమి నుంచి తవ్వి, తోడి, నరికి తెచ్చుకునే సరుకు 10,000 కోట్ల టన్నులు దాటిందని తెలిసినా తమరు తడబడలేదు. దానిని మా తలలతో భాగించి, మనిషికి సుమారు 13 టన్నుల చొప్పున పంచిపెట్టారు. సొంత విమానంలో తిరిగే పెద్దమనిషికీ, నిన్న పుట్టిన పసికందుకూ ఒకటే వాటా. రోజుకు 36 కిలోల ఇసుక, కంకర, కలప, ధాన్యం, బొగ్గు, ముడిచమురు తన పద్దులో పడుతున్నాయని తెలిస్తే ఆ పసివాడు పాలు తాగడానికి కూడా మొహమాటపడతాడేమో. సంపన్న దేశాల్లో ఒక్కొక్కరి వాడకం పేద దేశాల్లో ఒక్కొక్కరి వాడకానికి సుమారు ఆరు రెట్లన్న సంగతి తమరెరుగనిది కాదు. భాగహారానికి కూర్చున్నాక అటువంటి చిల్లర విషయాలు పట్టించుకోకూడదన్న నిష్ఠ తమరిది.

భూమి మీది భారమంతా పెరిగిన జనాభా వల్లేనని తమ ఆస్థాన పండితులంటారు. ఇన్ని కోట్ల మందికి తిండీ నీరూ సమకూర్చడం భూమికి బరువు కాదని నేను వాదించను. తోడుకునే మంచినీటిలో 70 శాతం సాగుకే పోతోంది. అయితే 1970 నుంచి జనం రెండింతలకు కాస్త మించి పెరిగితే, తవ్వకం మూడున్నర రెట్లయింది. ఆ మిగులును కొత్తగా పుట్టిన నోళ్ల మీదకు నెట్టడం ఎలాగో ఆ పండితులే చెప్పాలి.

బేరింగ్ సముద్రంలో సముద్రపు ఆవు అనే, ఏనుగును మించిన ఒక సాధుజంతువు ఉండేది. 1741లో స్టెల్లర్ అనే ప్రకృతి శాస్త్రవేత్త దానిని చూసి వర్ణించాడు. 1768 నాటికి బొచ్చు వేటగాళ్లు దానిని తినడం పూర్తిచేశారు. అప్పటికి భూమ్మీద మనుషులు 100 కోట్లు కూడా లేరు, తిన్నవాళ్లు కొన్ని ఓడలకు సరిపడా జనం. తమ పద్ధతిలో ఆ పాపాన్ని పంచితే తలకొక వెంట్రుక పాటి కూడా రాదు. ఎంత శుభ్రంగా మాసిపోతుందో చూడండి!

ఇంతకీ, తలసరి అన్నప్పుడు తల అంటే మనిషి తలేనా? భూమ్మీది క్షీరదాల మొత్తం బరువులో అడవి జంతువులది నాలుగు శాతమేనని 2018లో లెక్కగట్టారు. మిగిలినదంతా మనమూ, మన పశువులూ. ఆ నాలుగు శాతానికీ తలలున్నాయి. తమ హారంలో మాత్రం వాటికి చోటు లేదు. అందులో మమ్మల్నే పూలలా గుచ్చి, పైనున్న లవం మెడలో వేశారు.

ఇంత నిష్ఠూరమాడినా, ఒక్క సంగతి దాచలేను. నా వాడకం సగటును దాటిన ప్రతిసారీ నేను దాక్కున్నది తమ నీడలోనే. కనుక ఈ లేఖను ఎవరికీ చూపవద్దని ప్రార్థన.

ఇట్లు,
తమ హారంలోని ఒక పువ్వు