పీడీఎఫ్ పంపితే పని అయిపోయినట్టు కాదు

ఒక దేశంలో చేయించిన పరీక్షల రిపోర్టులు ఇంకో దేశంలో డాక్టరుకు చూపించాల్సిన అవసరం మన కుటుంబాల్లో తరచూ వస్తుంది. కాగితం స్కాన్ చేసి పీడీఎఫ్ పంపిస్తాం, అది ఆస్పత్రి రికార్డులో చేరుతుంది. ఇక అంతా ఎలక్ట్రానిక్ అయిపోయిందనుకుంటాం. కాలేదనే నేనంటాను. కంప్యూటరుకు అది ఇంకా ఒక బొమ్మే. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ ఏటేటా పెరుగుతోందేమో ఆ బొమ్మను చూసి చెప్పలేదు, ఫలానా మందు డోసు తగ్గించమని హెచ్చరించనూ లేదు.

ఆస్పత్రుల సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి కొత్తదేమీ కాదు. ఇందుకు కావలసిన ప్రమాణాలు తయారు చేయడానికి 1987లో మొదలైన హెచ్‌ఎల్‌7 సంస్థ రూపొందించిన రెండో వెర్షన్ సందేశాలు ఇప్పటికీ ల్యాబుల నుంచి ఫలితాలు మోస్తున్నాయి. అందులో ఒక్కో ఫలితానికి ఓబీఎక్స్ అనే ఒక్కో వరుస. ఏ పరీక్ష, విలువ, యూనిట్, మామూలు పరిధి, తుది ఫలితమా సవరించినదా, అన్నిటికీ విడివిడిగా చోటుంది. అదే సంస్థ తర్వాత తెచ్చిన ఫైర్ (FHIR) అనే ప్రమాణంలో ఇవే 'అబ్జర్వేషన్' అనే రికార్డులయ్యాయి.

ఈ రెండింటిలోనూ పీడీఎఫ్‌ను యథాతథంగా లోపల పెట్టి పంపే వీలుంది. అది ఉండాలి కూడా, అసలు రిపోర్టు ఎప్పుడూ వెంట ఉండాల్సిందే. అదొక్కటే పంపి, ఫలితాలను కంప్యూటరు చదవగలిగే రూపంలోకి మార్పిడి చేశామనడం మాత్రం ఉత్తరం విప్పకుండా కవరు మార్చినట్టే.

నిజమైన మార్పిడి ఓపికతో చేయాల్సిన పని. ఒక ల్యాబు 'ఎస్. క్రియాటినిన్' అని రాస్తుంది, ఇంకొకటి 'క్రియాటినిన్, సీరమ్' అంటుంది. రెండూ ఒకటేనని మనిషికి తెలుస్తుంది. యంత్రానికి తెలియాలంటే ఒక్కో పరీక్షను అందరూ ఒకేలా గుర్తించేందుకు ఇచ్చిన లోయింక్ కోడ్ కావాలి. ఆ కోడ్‌ను పేరు చూసి తగిలించేస్తే తప్పు జరుగుతుంది. సీరమ్ క్రియాటినిన్‌ను డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తే 2160-0, లీటరుకు మైక్రోమోల్స్‌లో ఇస్తే 14682-9. మొదటి లెక్కలో 1 అంటే రెండో లెక్కలో 88.4. యూనిట్ జారిపోయిన అంకె రికార్డులోకి వెళ్లడం కంటే అసలు వెళ్లకపోవడమే మేలు.

ఇంకా చిన్నవిగా కనిపించే ప్రమాదాలున్నాయి. థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ '<0.01' అని వస్తే, ఆ గుర్తు వదిలేసి 0.01 అని ఎక్కించకూడదు. యంత్రం కొలవగలిగిన దానికంటే తక్కువ ఉందని దాని అర్థం. ఖాళీగా ఉన్న గడిని సున్నా చేయకూడదు. 03/04 అన్న తేదీ ఏప్రిల్ మూడో, మార్చి నాలుగో ల్యాబును అడిగే తేల్చాలి. ఊహించి రాయకూడదు.

స్కాన్ రిపోర్టుల విషయంలో నేను మరీ పట్టుబడతాను. 'న్యుమోనియా ఆనవాళ్లు లేవు' అన్న వాక్యంలోంచి న్యుమోనియా అన్న ఒక్క మాటనే ఏరుకునే ప్రోగ్రాం లేని జబ్బును రోగికి అంటగడుతుంది. రేడియాలజిస్టు రాసిన పాఠం ఉన్నదున్నట్టే వెళ్లాలి. అందులోంచి తీసిన రోగ నిర్ధారణ ఏదైనా డాక్టరు చూసి ఒప్పుకున్నాకే కోడ్‌గా మారాలి.

మన సంఘంలో సాఫ్ట్‌వేర్ వాళ్లున్నారు, డాక్టర్లున్నారు. ఈ పనికి ఇద్దరూ పక్కపక్కన కూర్చోవాలి. కోడ్ రాసేవారికి పరీక్ష అర్థం తెలియదు, డాక్టరుకు సందేశంలో ఏ గడి ఎక్కడుందో తెలియదు. మిగతావాళ్లం రిపోర్టు తీసుకునేటప్పుడే ఒక మాట అడుగుదాం: పీడీఎఫ్‌తో పాటు ఫలితాలు ఫైర్ రూపంలో ఇస్తారా? తర్వాత ఫలితం సవరిస్తే మా డాక్టరుకు 'సవరించినది' అన్న గుర్తుతో మళ్లీ సందేశం వెళ్తుందా? ఈ రెండో ప్రశ్న అడగడం మానకండి. పీడీఎఫ్‌లైతే పాత అంకె, కొత్త అంకె రెండూ రికార్డులో అలాగే పడి ఉంటాయి, మందు రాసే డాక్టరు ఏది తెరుస్తారో మన చేతిలో ఉండదు.