భవిత ఆయాకు శిక్షణ ఏది?

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో ఆయా పనేమిటని అడిగితే గది ఊడవడం, పిల్లల్ని బాత్‌రూముకు తీసుకెళ్లడం, అన్నం తినిపించడం అంటారు. ఆ చివరి రెండూ నేర్చుకోకుండా చేయకూడని పనులు. నేర్పేవారు మాత్రం చాలాచోట్ల లేరు.

సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలపై అదుపు తగ్గే వైకల్యం) ఉన్న బిడ్డకు మధ్యాహ్న భోజనం పెట్టడమే తీసుకోండి. పడుకోబెట్టి, తల వెనక్కి వాల్చి ముద్ద పెడితే మెతుకులు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. న్యుమోనియా వచ్చి ప్రాణం మీదికి తెచ్చేది ఇదే. నడుము నిటారుగా, పాదాలు పీటకు ఆనేలా, గడ్డం కాస్త కిందికి ఉండేలా కూర్చోబెట్టాలి. ఎదురుగా కూర్చుని చిన్న చెంచాతో, అదీ సగమే నింపి పెట్టాలి. మింగాకే మరో చెంచా. పలచని చారు కన్నా మెదిపిన పప్పన్నం చాలామందికి తేలిగ్గా దిగుతుంది. గుడ్డు మంచిదే కానీ, పచ్చసొన పొడిపొడిగా గొంతులో పట్టేస్తుంది, పప్పులో కలిపి మెదపాలి. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. ఒక్క బిడ్డకే ముప్పావు గంట పట్టే పని ఇది. వంటవాళ్లు గిన్నెలు కడిగేయాలని తొందరపెడితే ఆయా చెంచా వేగం పెరుగుతుంది, బిడ్డకు పొలమారుతుంది.

ఫిట్స్ వస్తే ఇప్పటికీ చేతిలో తాళాలగుత్తి పెట్టేవారున్నారు. తాళాలొద్దు, నోట్లో ఏమీ పెట్టొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి.

అతి సాయం వల్ల జరిగే నష్టం ఎవరికీ కనపడదు. జాలితో ఆయా అన్నీ తానే చేసేస్తే బిడ్డ చేతులు పని మరిచిపోతాయి. ఏదైనా చెప్పాక మనసులో పది లెక్కపెట్టేదాకా ఆగాలి. అప్పటికీ చేయకపోతే వేలితో చూపాలి, ఆ తర్వాత మోచేతి దగ్గర తాకాలి. చెయ్యి పట్టుకుని చేయించడం అన్నిటికన్నా ఆఖరున. చొక్కా గుండీలన్నీ తానే పెట్టి, చివరిది సగం దూర్చి వదిలితే మిగతా సగం బిడ్డే లాగుతాడు. కొన్నాళ్లకు ఆ గుండీ మొత్తం వాడిదే, ఆపైన దాని పైది.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. రెండూ అవసరమైనవే. కానీ టీచర్ పక్క మండలంలోని బడికి వెళ్లిన రోజు పిల్లలు మిగిలేది ఆయా చేతుల్లోనే.

జూన్‌లో బడులు తెరిచేలోగా ప్రతి ఆయాకూ ఫిజియోథెరపిస్టు దగ్గర పది రోజుల శిక్షణ ఇప్పించాలని కోరుతున్నాం. ఒక్కో బిడ్డకు ఎలా తినిపించాలి, ఎలా ఎత్తాలి, ఏ మందు వాడుతున్నారో ఒక కాగితం మీద రాసి గోడకు కాదు, ఆయాకూ తల్లికీ చెరొకటి ఇవ్వాలి. నడవలేని పెద్ద పిల్లలున్న కేంద్రానికి రెండో ఆయాను వేయాలి. ఎనిమిదేళ్ల పిల్లవాణ్ణి ఒక్కరే రోజుకు ఐదారుసార్లు ఎత్తి దించితే ఆమె నడుము ఏడాది కూడా ఆగదు.