లో లైట్ మహారాజుల కొలువు

"చీకట్లో కదిలే వెలుతురును ఫొటో తీయాలని ఉంది, చేతిలో డబ్బు తక్కువగా ఉంది, ఏ కెమెరా కొనుక్కోమంటారు?" అని కొత్తవాడెవడైనా నోరు తెరిచి అడిగిన మరుక్షణమే సలహాదారులందరికీ ఒక విచిత్రమైన చెవుడు వస్తుంది. ఆ ప్రశ్నలో 'కదిలే వెలుతురు' అన్న మాట వారికి వినపడదు. 'డబ్బు తక్కువ' అన్న మాట అసలే వినపడదు. వినపడేదల్లా 'చీకటి' ఒక్కటే. చీకటి అనగానే ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ (వెలుతురును పట్టే పెద్ద పలక), ఎఫ్/1.4 లెన్స్ (బాగా వెడల్పుగా తెరుచుకునేది), ఐఎస్ఓ (వెలుతురుకు స్పందించే చురుకు) 1,02,400 దాకా వెళ్లే కెమెరా అనే మూడు మంత్రాలు అప్రయత్నంగా వారి పెదవుల మీదికి వచ్చేస్తాయి. ఆ కెమెరాకు 'లో లైట్ కింగ్', అంటే మసక వెలుతురు రాజు అన్న బిరుదును కూడా వారే ప్రదానం చేస్తారు. రాజు వెలిశాక ప్రజలు పన్ను కట్టక తప్పదు కనుక, అడిగినవాడు వాయిదాల లెక్కలు వేసుకుంటూ ఇంటికి వెళ్తాడు.

ఇంతటి విద్వాంసుల మాటను తోసిపుచ్చే సాహసం నేను చేయను. వారి సిద్ధాంతాన్ని భక్తిశ్రద్ధలతో ఆచరణలో పెట్టి చూద్దాం. మహారాజావారి కెమెరాను మెడలో ధరించిన భక్తుడొకడు అమావాస్య రాత్రి ఒక ఖాళీ మైదానానికి చేరుకున్నాడని అనుకోండి. ఎదురుగా ఆయన మిత్రుడు టార్చిలైటు పట్టుకుని, గాలిలో ఒక సున్నా గీయడానికి సిద్ధంగా నిలబడి ఉన్నాడు. భక్తుడు లెన్స్‌ను ఎఫ్/1.4 దాకా బార్లా తెరిచాడు, తెరవకపోతే కొన్నదెందుకు? ఐఎస్ఓను 12,800కు ఎత్తాడు; ఎత్తకపోతే రాజుకు అవమానం కాదా? వెలుతురును లోపలికి వదిలే తలుపు లాంటి షట్టర్ 30 సెకన్లు తెరుచుకుంది. మిత్రుడు సున్నా గీశాడు. తెర మీద సున్నా లేదు, మిత్రుడు లేడు, మైదానమూ లేదు. తెల్లగా మెరిసిపోతున్న ఒక ముద్ద మాత్రం ఉంది.

భక్తుడు చలించలేదు. ఐఎస్ఓను 6,400కు దించి మళ్లీ గీయమన్నాడు. తర్వాత 3,200 అన్నాడు, 1,600 అన్నాడు, 800 అన్నాడు. మిత్రుడు గీస్తూనే ఉన్నాడు. ఐఎస్ఓ 100కు చేరేసరికి మిత్రుడి భుజం పట్టేసింది, ముద్ద మాత్రం ముద్దగానే ఉంది. అప్పుడు అపెర్చర్, అంటే లెన్స్ రంధ్రం వంతు వచ్చింది; ఎఫ్ పక్కన అంకె పెరిగితే రంధ్రం చిన్నదైనట్టు. ఎఫ్/2, ఎఫ్/2.8, ఎఫ్/4, ఎఫ్/5.6 అంటూ ఒక్కొక్క మెట్టే దిగుతూ ఎఫ్/8 దగ్గర ఆగేసరికి, సన్నగా, నిండుగా, టార్చి రంగు పోకుండా, అసలు సిసలైన సున్నా కనిపించింది. ఐఎస్ఓలో ఏడు మెట్లు, అపెర్చర్‌లో ఐదు మెట్లు, మొత్తం పన్నెండు. ఒక్కొక్క మెట్టుకు వెలుతురు సగమవుతుంది కాబట్టి 4,096లో ఒక వంతు వెలుతురు సరిపోయింది. ఎఫ్/8, ఐఎస్ఓ 100 అనేవి ఎంత పాత కెమెరాకైనా, దానితో పాటు వచ్చే కిట్ లెన్స్‌కైనా ఇంచుమించు పుట్టుకతోనే వచ్చే అంకెలు. భక్తుడు ఆ పన్నెండు మెట్లకు ఖరీదు కట్టి పైకెక్కి, మిత్రుడి భుజం ఖర్చుతో కిందికి దిగి వచ్చాడు.

ఆగండి, సున్నా ఇంకా పూర్తి కాలేదు. దగ్గరికి వెళ్లి చూస్తే గీత రెండు గీతలుగా కనిపిస్తోంది. డబ్బంతా కెమెరాకూ లెన్స్‌కూ పోయింది కనుక ట్రైపాడ్‌కు మిగిలింది చిల్లర. ఆ చిల్లరతో వచ్చిన ప్లాస్టిక్ తల ఆ బరువైన లెన్స్‌ను మోయలేక నెమ్మదిగా ముందుకు వాలుతోంది. ఎత్తు చాలదని భక్తుడు మధ్య కడ్డీని పూర్తిగా పైకి లాగడంతో, పైరగాలికే అది ఊగుతోంది. రిమోట్ కొనడానికి మనసొప్పలేదు కనుక షట్టర్‌ను వేలితోనే నొక్కుతున్నాడు, నొక్కినప్పుడల్లా కెమెరా ఉలిక్కిపడుతోంది. లెన్స్‌లో వణుకును సరిదిద్దే స్టెబిలైజేషన్‌ను ఆపే సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి అది లేని వణుకును వెతుక్కుంటోంది. ఆటో ఫోకస్ చీకట్లో పట్టు దొరకక ముందుకూ వెనక్కూ కొట్టుకుంటోంది. టార్చిని ఒక్క క్షణం మిత్రుడి చొక్కా మీద వేసి, ఫోకస్ కుదిరాక మీటను మాన్యువల్‌కు తిప్పేస్తే పోయే బాధ అది. అయితే అది ఉచితంగా అయ్యే పని. ఉచితమైన వాటిని ఈ సలహాదారు మహారాజుల కొలువులో ప్రస్తావించే ఆచారం లేదు.

ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. గాలిలో తిరిగే టార్చి వెలుతురు సెన్సర్ మీద ఏ ఒక్క బిందువు దగ్గరా రెప్పపాటు కూడా నిలవదు. అందుకే గీత ఎంత ప్రకాశంగా వస్తుందన్నది టార్చి బలం, చేతి వేగం, అపెర్చర్, ఐఎస్ఓ కలిసి తేల్చే విషయం. షట్టర్‌ను 10 సెకన్లు తెరిచినా 40 సెకన్లు తెరిచినా ఆ గీత ప్రకాశం మారదు. పెరిగేది గీత పొడవు, దాని వెనుక ఉన్న చెట్టూ ఆకాశమూ పోగుచేసుకునే వెలుతురు. బొమ్మ తీస్తున్నది దీపాన్ని. దీపం చీకట్లో ఉన్నంత మాత్రాన అది మసక వెలుతురు అయిపోదు. బాణసంచాకైనా, రోడ్డు మీద వాహనాల ఎర్రని తోకలకైనా ఇదే లెక్క. అందుకే వాటినీ ఐఎస్ఓ 100, ఎఫ్/8 లేదా ఎఫ్/11 దగ్గరే తీస్తారు.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. పాలపుంతకూ, ధ్రువప్రాంతపు కాంతులకూ పెద్ద అపెర్చర్, మంచి సెన్సర్ నిజంగా పనికొస్తాయి, ఎందుకంటే అక్కడ వెలుతురే పలచన. మహారాజులు ఆ ఒక్క సందర్భాన్ని చూపించి మిగతా చీకటినంతా తమ రాజ్యంలో కలిపేసుకున్నారు.

ఈ మహారాజులు పుట్టకముందు, వెలుతురుతో గీసే ఈ కళ ఎలా బతికిందన్నది ఆలోచించదగిన ప్రశ్న. 1889లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఎటియెన్-జూల్ మారే, ఆయన సహాయకుడు జార్జ్ డెమెనీ మనిషి కీళ్లకు చిన్న బల్బులు కట్టి, నడక గీసే గీతలను ఫొటోగా పట్టారు. 1914 ప్రాంతంలో పని తీరును పరిశోధించే ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు కార్మికుల చేతులకు దీపాలు తగిలించి, వారి కదలికల దారులను నమోదు చేశారు. 1949లో ఫొటోగ్రాఫర్ జ్యాన్ మిలి కెమెరా ముందు చిత్రకారుడు పికాసో చిన్న టార్చితో గాలిలో బొమ్మలు గీశాడు. వీరందరికీ సెన్సర్ అంటే ఏమిటో తెలియదు. సలహా అడిగేందుకు దగ్గరలో ఎవరూ లేకపోవడం వారి అదృష్టం.

ఈ కొలువులో నాకు నవ్వు రాని ఘట్టం ఒకటుంది. ఒక కుర్రవాడు, ఎవరో అటకెక్కించిన పాత కెమెరాను అడిగి తెచ్చుకుంటాడు. దాన్ని ఇటుకల మీద నిలబెట్టి, టైమర్ పెట్టి, చెల్లెలి సైకిల్ చక్రం అంచుకు ఒక చిన్న బల్బు కట్టి, ఆమె తొక్కుకుంటూ పోతుంటే ఫొటో తీస్తాడు. నల్లని రాత్రిలో వరుసగా కమానులు లేస్తాయి. ప్రతి కమాను నేలను తాకే చోట గీత కాస్త చిక్కగా, కాస్త తెల్లగా ఉంటుంది, ఎందుకంటే దొర్లే చక్రం అంచు నేలను తాకిన ఆ క్షణంలో బల్బు కదలకుండా ఆగుతుంది. కదలిక, కాలం, వెలుతురు మూడూ ఆ తెల్లని చుక్కల్లో ఉన్నాయి. కుర్రవాడు దాన్ని మురిపెంగా చూపిస్తే మహారాజు అడిగే మొదటి ప్రశ్న, "ఏ కెమెరా?" పేరు విన్నాక ఇచ్చే తీర్పు, "ఇలాంటి చిన్న క్రాప్ సెన్సర్‌తో ఇంతకంటే రాదులే తమ్ముడూ, ముందు కెమెరా బాడీ మార్చు."

ఏం మార్చాలి? ఎందుకు మార్చాలి? ఆ తెల్లని చుక్కను నువ్వు చూడనైనా చూశావా? నీ బీరువాలో ఉన్న మూడు లెన్స్‌లతో కలిపి అలాంటి ఫొటో ఒక్కటైనా తీశావా? డబ్బు లేనివాడికి కళ్లు ఉన్నాయని ఒప్పుకోవడానికి నీకు ఎక్కడ నొప్పి? ఆ ఒక్క మాటతో ఆ కెమెరా మళ్లీ అటకెక్కుతుంది, కుర్రవాడు తన ఫొటో చూసుకుని సిగ్గుపడడం నేర్చుకుంటాడు. తెలియక చెప్పే సలహాను క్షమించవచ్చు. ఎదుటివాడి చేతిలో ఉన్నదాన్ని చిన్నబుచ్చడానికే చెప్పే సలహాను క్షమించే ఓపిక నాకు లేదు.

సరే, కొనక తప్పదంటే ఏం చూడాలో చెబుతాను. కెమెరాలో అంకెలన్నీ మనమే పెట్టుకునే మాన్యువల్ మోడ్ ఉందా, 30 సెకన్లు దాటి షట్టర్‌ను తెరిచి ఉంచే బల్బ్ మోడ్ ఉందా, రిమోట్ పనిచేస్తుందా, ఈ మూడూ ఉన్న సెకండ్ హ్యాండ్ కెమెరా చాలు. ఫోన్‌తోనైనా మొదలుపెట్టవచ్చు, ప్రో మోడ్‌లో షట్టర్‌ను కొన్ని సెకన్లు తెరవనిస్తే పని జరుగుతుంది. చాలా ఫోన్లలో అపెర్చర్ మారదు కనుక టార్చినే మందగించాలి. మిగిలిన డబ్బును ట్రైపాడ్ మీద పెట్టాలి: కాళ్లలో లావుగా ఉన్న భాగాలను ముందు చాపాలి, మధ్య కడ్డీని ముట్టుకోకూడదు, గాలి ఉంటే సంచిని వేలాడదీసి దాని అడుగు నేలకు ఆనేలా చూడాలి. షట్టర్ ఎక్కువసేపు తెరిచే పొడవైన ఎక్స్‌పోజర్‌కు నాయిస్ రిడక్షన్ (ఫొటోలో పడే చుక్కలను తుడిచే సదుపాయం) ఆన్‌లో ఉంటే, షట్టర్ ఎంతసేపు తెరిచి ఉందో అంతసేపూ కెమెరా మళ్లీ నల్లని ఫ్రేమ్ ఒకటి తీసుకుంటుంది, కాబట్టి రెండో బ్యాటరీ విలాసమేమీ కాదు. మహారాజులు చెప్పని విశేషం మరొకటుంది. వెనుక దృశ్యం తెల్లబారకుండా, కొత్తగా పడిన వెలుతురును మాత్రమే చేర్చుకుంటూ పోయే లైవ్ కాంపోజిట్ అనే సదుపాయాన్ని కెమెరా కంపెనీ ఒలింపస్ 2014లో ఓఎం-డీ ఈ-ఎం10లో ఇచ్చింది. ఈ పనికి చేతికందిన వరం అది. ఆ కెమెరా సెన్సర్ వైశాల్యం ఫుల్ ఫ్రేమ్‌లో దాదాపు నాలుగో వంతు, అందుకే కాబోలు దాని పేరెత్తడానికి కొలువులో ఎవరికీ నోరు రాదు.

ఇక టార్చి. చేతిలో ఉన్నదాని మూతికి నల్లటేపు అంటించి సన్నని చీలిక వదిలితే సన్నని గీత వస్తుంది, రంగు కాగితం చుడితే రంగు వస్తుంది. ఇంతకంటే ఎక్కువ చెప్పడానికి నాకు భయంగా ఉంది, ఎందుకంటే మహారాజులు అప్పుడే టార్చి వెలుతురును కొలిచే ల్యూమెన్ల లెక్కలు తీశారని వినికిడి.