సవరణ: అయిదుకు మూడు అంటే ‘ఫరవాలేదు’ అని కాదు

మా గణాంకశాస్త్ర ప్రొఫెసర్ బోధనకు విద్యార్థుల సగటు అయిదుకు మూడు అని నిన్న రాశాను. దాన్ని ‘ఓ మోస్తరు’ అని చదువుకున్నవారికి ఈ వివరణ. మూడు వేసినవారు దాదాపు లేరు. సగం మంది అయిదు, సగం మంది ఒకటి వేస్తే సగటు దాదాపు ఎవరూ లేనిచోట తేలింది. ఒకటి వేసినవారి కోపం కూడా పాఠం మీద కాదు, వారంవారం ఇచ్చే అసైన్‌మెంట్ల మీద. పాఠం కళ్లకు కట్టినట్టు చెబుతారని వాళ్లే రాశారు!

ఇక పనిభారం. యూరప్ పద్ధతిలో కోర్సు పనిభారాన్ని క్రెడిట్లలో కొలుస్తారు. ఒక క్రెడిట్ అంటే తరగతులు, సొంత చదువు, పరీక్షలు అన్నీ కలిపి 25 నుంచి 30 గంటలు. ఆరు క్రెడిట్ల కోర్సుకు కనీసం 150 గంటలు. తరగతిలో కూర్చున్న గంటలే లెక్కేసుకుంటే ఎలా? గడువు ముంచుకొచ్చాక అసైన్‌మెంట్ ప్రశ్నలు మార్చడం మాత్రం అన్యాయమే. ఆ ఫిర్యాదును అలాగే ఉంచుతున్నాను.