రూటు దారికి అడ్డంగా మంచం వేసిన స్వాప్ పార్టిషన్ గారికి

అయ్యా స్వాప్ గారూ, ర్యామ్ నిండినప్పుడు అందులోని సరుకు దాచుకునే డిస్కు భాగం గారూ,

40 జీబీ డిస్కుని 100 చేశాం. డిస్కు 100 అనే చూపిస్తోంది, రూటు (సిస్టమ్ అంతా ఉండే ప్రధాన పార్టిషన్) మాత్రం వంద శాతం నిండి, లాగ్ రాసుకోవడానికి కూడా చోటు లేదని డేటాబేస్‌తో సహా గోల పెడుతోంది. ఖాళీ లేక కాదు, ఉన్న ఖాళీ అంతా తమరి వెనకాల ఉంది. పార్టిషన్ పెరగాలంటే దాన్ని ఆనుకునే ఖాళీ ఉండాలి కదా, ఆ ఆనుకున్న చోటే తమరు సెటిలయ్యారు. పైగా ఎస్‌డీఏ2 అని ఒక ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ (లోపల వేరే పార్టిషన్లు పెట్టుకునే డబ్బా), అందులో ఎస్‌డీఏ5 పేరుతో మీ ఒక్కరి కాపురం. 3, 4 లేకుండానే 5 అనిపించుకోవడం ఏం దర్జా అండీ!

ర్యామ్‌కి రెట్టింపు జాగా కావాలన్న మీ కోరిక ర్యామ్‌ని మెగాబైట్లలో లెక్కపెట్టిన రోజులది. 64 జీబీ ర్యామ్ ఉన్న సర్వర్‌లో 128 జీబీ తీసుకుని ఏం చేస్తారు? మీరు అసలే వద్దని అనట్లేదు, మెమరీ అయిపోయినప్పుడు ఓఓఎం కిల్లర్ వచ్చి బాగా లావుగా ఉన్న ప్రాసెస్‌ని, అంటే చాలాసార్లు ఆ డేటాబేస్‌నే, లేపేస్తుందని తెలుసు.

సరే, పంపించేద్దామని స్వాప్‌ని ఆపే స్వాపాఫ్ కమాండ్ కొడితే మీ దగ్గరున్న పేజీలన్నీ (మెమరీ ముక్కలు) ర్యామ్‌లోకి తిరిగి రావాలట, అక్కడ చోటు లేకపోతే మెమరీ చాలదని ఎర్రర్. ముందు స్నాప్‌షాట్ తీసి, బరువైన సర్వీసులు ఆపి, అప్పుడు మిమ్మల్ని కదిలించి, మీ పార్టిషన్లు చెరిపేయాల్సి వచ్చింది. ఆ తర్వాత పార్టిషన్‌ని పెంచే గ్రోపార్ట్, అందులోని ఫైల్‌సిస్టమ్‌ని పెంచే రీసైజ్2ఎఫ్ఎస్, మౌంట్ తీయకుండానే రెండు కమాండ్లలో రూటు పెరిగిపోయింది.

పోయాక కూడా వదిలారా? ఏ పార్టిషన్లు వాడాలో రాసి ఉండే ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో మీ యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు సంఖ్య) ఉన్న లైను తీయకపోతే బూట్ అయ్యేటప్పుడు సర్వీసులన్నీ మొదలుపెట్టే సిస్టమ్‌డీ మీకోసం 90 సెకన్లు ఎదురుచూస్తుంది, స్క్రీన్ మీద ఎర్ర చుక్కలు అటూ ఇటూ తిరుగుతుంటే చూసేవాడికి బీపీ. అది తీశాక డెబియన్, ఉబుంటుల్లో ఇంకో వీలునామా బయటపడుతుంది, బూట్ మొదట్లో ర్యామ్‌లోకి ఎక్కే చిన్న సిస్టమ్ అయిన ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ సెట్టింగుల్లో రెజ్యూమ్ అనే ఫైలు. ర్యామ్‌ని మీలో దాచి మెషీన్ ఆపేసే హైబర్నేట్ నుంచి లేవడానికట! ఏళ్ల తరబడి కన్ను మూయని సర్వర్‌కి ఈ పక్క ఏర్పాట్లెందుకో. అందులో నన్, అంటే ఏదీ లేదు, అని రాసి, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ మళ్లీ కట్టించాం.

మీ ఉద్యోగం 2 జీబీ స్వాప్ ఫైల్‌కి ఇచ్చేశాం, పర్మిషన్ 600 (ఓనరు తప్ప వేరెవరూ ముట్టుకోకుండా). చాలకపోతే దాన్ని చెరిపి పెద్దది పెట్టుకుంటాం, పార్టిషన్ టేబుల్‌ని ముట్టుకునే పనే లేదు.

ఇట్లు,
రీబూట్ కొట్టి కన్సోల్ వైపు చూస్తున్న అడ్మిన్